పోపు వేయని ఇళ్ళు

రోహిణి కార్తె, బుధవారం

ఊదుడు గొట్టాలు పనిచేయడం మానేశాయి. ప్రతి గుమ్మానికీ ఒకటి ఉండేది. పొద్దున్నే ఇంట్లోవాళ్ళందరూ వరసగా అందులో ఊదితే, ఎవరికి జ్వరం మొదలైందో వాళ్ళకంటే ముందు దానికి తెలిసేది. ఇప్పుడు ఆకాశం మూగది. ఇక్కడి మాట పైకి పోదు, పైనుంచి మాట రాదు. శత్రువు చేశాడని కొందరు, మనవాళ్ళే చేశారని కొందరు అంటారు. పిల్లలు గొట్టాలు ఊడదీసి బూరలు చేసుకున్నారు.

నేను గెడ్డవలసకి జ్వరాల కావలి మనిషిని. గొట్టాలు తుడవడం, బ్యాటరీలు మార్చడం నా పని. మనుషుల్ని అడగడం ఎప్పుడూ లేదు. హెల్త్ ఇన్‌స్పెక్టర్ చక్రపాణి గారు పటాలం బండి మీద వచ్చి, ఇకనుంచి ఇంటింటికీ తిరిగి అడగమన్నారు.

ఈ రోజు దక్షిణ వీధి తిరిగాను. ఎవరింట్లోనూ జ్వరం లేదన్నారు. ఎర్రయ్యమ్మ అరుగు మీద కూర్చుని చోళ్ళు చెరుగుతోంది. లోపల ఎవరో మూలుగుతున్నారు.

"ఎవులదే ఆ మూలుగు?" అన్నాను.

"మేకది."

"మేకని లోపలెందుకు కట్టినావు?"

"బయటుంటే పటాలపోలు పట్టుకుపోరేటి? మనుసుల్నే ఎత్తుకుపోతన్నోలు మేకనొగ్గేత్తారా?"

ఆమెకి మేక లేదు. ఉన్నది మనవడు.

పొక్కు జ్వరం వచ్చినవాళ్ళని బండి ఎక్కించి గెడ్డ వాగు అవతలి పాకలకి తీసుకెళ్తారు. మా ఊరినుంచి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. బాగైనవాళ్ళు అక్కడే పనిలో కుదురుకున్నారని చక్రపాణి గారు చెబుతారు. అబద్ధమని నేననను. చూడలేదు.

రోహిణి, శనివారం

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ ఉత్తర వీధిలో నడుస్తుంటే ఒక సంగతి తట్టింది. అది వంటల వేళ. ప్రతి ఇంటినుంచీ పోపు వాసన వస్తోంది. చీటీ మీద ఇచ్చే నూనె చెంచాలతో కొలుచుకోవాలి. అయినా అంబలి తాగి బతికేవాళ్ళు కూడా పులుసులో నాలుగు ఆవాలు వేగకుండా మధ్యాహ్నం దాటనివ్వరు. వీధంతా నడిచాక వెనక్కి తిరిగి మళ్ళీ నడిచాను. నాలుగిళ్ళ ముందు వాసన లేదు.

పొక్కు జ్వరం వస్తే మా వైపు అమ్మ వచ్చిందంటారు. అమ్మ ఉన్న ఇంట్లో పోపు వేయరు. ఆవాలు చిటపటమంటే అమ్మకి కోపమంటారు. బయటివాళ్ళు గడప దాటరు. ఆ ఇంటి నిప్పు, ఆ ఇంటి ఉప్పు బయటికి రావు. గుమ్మానికి వేపమండ కడతారు. పటాలం చూస్తుందని మండ కట్టడం ఒక్కటీ మానేసి, లోపల మంచంకోడుకి కట్టుకుంటున్నారు. మిగతావన్నీ ఎప్పటిలాగే జరుగుతున్నాయి.

ఆ నాలుగిళ్ళ చూరులో మందు పొట్లాలు దోపి వచ్చాను. సాయంత్రానికి పొట్లాలు లేవు.

రోహిణి, మంగళవారం

చక్రపాణి గారు నేను చెప్పిన నాలుగిళ్ళకీ వెళ్ళి చూశారు. నాలుగింటా పొక్కులున్నాయి. ఈసారి బండి నిండా మందుగుండు ఉంది, మనుషులకి చోటు లేదు. అందుకని ఎవరినీ తీసుకెళ్ళలేదు. మందులిచ్చి, నీళ్ళు కాచుకుని తాగమని చెప్పి వచ్చారు. మంచి పని జరిగిందనుకున్నాను.

"వాళ్ళు చెప్పరు కదా, ఎలా కనిపెట్టావు దాలమ్మా?" అన్నారు.

చెప్పాను. పోపు సంగతీ, అమ్మ సంగతీ, వాసన సంగతీ అన్నీ చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. అందుకే ఇంకా చెప్పాను.

మృగశిర, సోమవారం

నాలుగు వీధులు కలిసే చోట స్తంభం పాతారు. తాటిచెట్టంత పొడుగు. పైన ఇనప బుట్ట తిరుగుతూ ఉంటుంది. మధ్యాహ్నం పూట దాని రేకులు తెరుచుకుంటాయి. ఏ కప్పు మీదనుంచి వేగిన ఆవాల వాసన వస్తుందో, ఏ కప్పు మీదనుంచి రాదో పట్టి దాచుకుంటుంది. బండి వచ్చినప్పుడు దానికి చెబుతుంది. ఊళ్ళో దానికి ముక్కు అని పేరు పెట్టారు.

"నీకు తిరుగుడు తప్పింది," అన్నారు చక్రపాణి గారు. ఆయన ముఖం కూడా బాగా లేదు. నిద్ర లేనట్టుంది.

మృగశిర, శుక్రవారం

బండి ఖాళీగా వచ్చింది. తెల్ల తొడుగులవాళ్ళు దిగి ఎవరినీ ఏమీ అడగలేదు. తిన్నగా గున్నయ్య ఇంటికి వెళ్ళారు. గున్నయ్య కుండలు చేస్తాడు. అతని భార్య మంచం మీద ఉంది. మంచంతోనే ఎత్తి బండిలో పెట్టారు. అతను బండి వెనక కొంత దూరం నడిచి, ఆగిపోయి, నా దగ్గరికి వచ్చాడు.

"మా ఇల్లని దానికెవులు సెప్పినారు?"

"ఇల్లు చెప్పలేదు."

"మరేటి సెప్పినావు?"

పోపు సంగతి చెప్పాను. అతను తల ఊపాడు. తిట్టలేదు. ఎర్రయ్యమ్మ తన అరుగు మీదనుంచి తిట్టింది. "దానికేటి తెలుసు, ఇనప గుంజ. మనూరి గుట్టు మనూరి మనిసే ఇప్పీసింది. ఇంకో ముక్క మిగిలుంటే అదీ సెప్పీయే దాలమ్మా. ఎవులి మొగుడు ఎక్కడ దాక్కున్నాడో."

వీధంతా విన్నారు. సాయంత్రానికి ఊరంతటికీ తెలిసింది.

ఆర్ద్ర, ఆదివారం

ఇప్పుడు ప్రతి ఇంటా పోపు వాసన వస్తోంది. జ్వరం ఉన్న ఇంట్లో ఇంకా ఎక్కువ వస్తోంది.

పోపు వేశాక మిగతావి ఎలా నిలుస్తాయి? పోపు వేసిన ఇంటికి పక్కింటి మనిషి వచ్చి కూర అడిగితే లేదనడం కుదరదు. లేదంటే అనుమానం. గడప దాటవద్దంటే అనుమానం. నిప్పు ఇవ్వకపోతే అనుమానం. కాబట్టి రమ్మంటున్నారు, కూర్చోమంటున్నారు, ఇస్తున్నారు. మంచంకోడుకి వేపమండ కూడా తీసేశారు. లోపల పొక్కులతో మనిషి పడుకుని ఉంటే బయటి గదిలో ఇరుగుపొరుగు కబుర్లు చెప్పుకుంటున్నారు.

పాత పద్ధతి మూఢనమ్మకమని బళ్ళో చదివాను. పరీక్షలో అదే రాశాను. మార్కులొచ్చాయి.

ఆర్ద్ర, గురువారం

పారమ్మ వచ్చింది. నా తోడికోడలు. మా ఆయన, ఆమె భర్త అన్నదమ్ములు. ఇద్దర్నీ ఒకే రోజు పటాలం మూటలు మోయడానికి తీసుకెళ్ళింది. వాళ్ళు వెళ్ళకముందే చూరునీళ్ళ దగ్గర మాకు తగాదా వచ్చింది. ఉమ్మడి ఇంటికి మధ్యలో గోడ పెట్టుకున్నాం. అప్పటినుంచీ మాటల్లేవు.

"అప్పా," అంది గుమ్మంలో నిలబడి. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. "నీకు గవర్మెంటోలు నూనె ఏరేగా ఇత్తారు కదా."

"ఇస్తారు."

"ఒక గరిటెడు పొయ్యి. మాది అయిపోయింది."

"ఎందుకు?"

"నీలవేణికి ఒల్లు కాలిపోతంది."

నీలవేణి ఆమె కూతురు. తొమ్మిదేళ్ళది. గోడ పెట్టాక కూడా పెద్దమ్మా అని పిలిచేది. నేనే పలికేదాన్ని కాదు.

"పొక్కులొచ్చినాయా?"

"సేతుల మీద. మెడ మీద కొంచెం." ఆమె నా వైపు చూడలేదు. "బండి రేపొత్తాది. ముక్కుకి మా ఇంటి వాసన తగలాలి. నా గుంటని ఎక్కించీసినారంటే మరి నానుండి ఏటి సేత్తాను? దాని బాబూ ఇంటికాడ నేడు."

"పోపు వేస్తే అమ్మకి కోపం కదా."

"అమ్మని తరవాత బతిమాలుకుంటాను. ముక్కుని బతిమాలితే ఇంటదేటి?"

నా ఉద్యోగం ఏమిటో ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. సీసా తీసుకుని ఆమె వెనకే వెళ్ళాను.

పిల్ల కిటికీ పక్కన పడుకుని ఉంది. కళ్ళు తెరవలేదు. పొయ్యి మీద ఇనప గరిటె పెట్టి నూనె పోశాం. ఆ గరిటె చెక్కపిడి ఎప్పుడో ఊడిపోయింది. కాడ కాలుతుంటే పారమ్మ పిల్ల కింద పరిచిన పాత దుప్పటి అంచు చింపి కాడకి గట్టిగా చుట్టింది. ఆవాలు వేసింది. చిటపటమన్నాయి. ఇద్దరం పిల్ల వైపు చూశాం. ఏమీ కాలేదు. ఏమవుతుందనుకున్నామో తెలియదు.

గరిటెలో సగానికి పైగా నూనె మిగిలింది. అవతలి వైపు గోడ మీదనుంచి పొరుగింటి నరసాయమ్మ తొంగి చూసింది.

"వేడి మీదుండగానే ఇలాగియ్యే పారమ్మా. మా ఇంట్లో చుక్క నేదు. నాలుగావాలేసుకుని నీకు తిరిగిచ్చేత్తాను."

ఇచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను.

పునర్వసు, బుధవారం

గరిటె ఊళ్ళో తిరుగుతోంది. నూనె ఏ ఇంట్లోనూ లేదు, నాకిచ్చేదీ ఆపేశారు. ఉన్నదంతా చుక్క చుక్క పోగుచేసి ఒకే గరిటెలో కాస్తున్నారు. మధ్యాహ్నం కాగానే మా వరస మొదటింట్లో మొదలవుతుంది. వాళ్ళు ఆవాలు వేసి పొగ కప్పుదాకా పోనిచ్చి, అదే నూనెతో పక్కింటికి అందిస్తారు. ఆడవాళ్ళు గుమ్మాల్లో వేచి ఉంటారు.

"గరిటొచ్చిందా?"

"రానేదు. ఎర్రయ్యమ్మ కాడ ఆగిపోయింది. ముసిల్ది దాన్నొగ్గదు."

"ఒగ్గుతాను ఉండండే," అంటుంది ఎర్రయ్యమ్మ లోపలినుంచి. "నా పెల్లికి మా అత్త ఇన్నావాలు ఏయించనేదు. ఈ ముక్కు పుణ్యాన రోజూ పెల్లే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాలా రోజులకి వీధిలో నవ్వు వినిపించింది. నాతో మాట్లాడనివాళ్ళు కూడా ఆ వేళకి మాట్లాడుతున్నారు.

ముక్కు లెక్కలో మా ఊళ్ళో ఒక్క ఇంట్లో కూడా జ్వరం లేదు. రెండుసార్లు బండి వచ్చి ఎవరినీ ఎక్కించకుండానే వెళ్ళింది.

నీలవేణికి జ్వరం తగ్గింది. పొక్కులు ఎండి రాలుతున్నాయి. ఎడమ కన్ను మసకగా ఉందంటోంది. పారమ్మ నాకు గోడ మీదనుంచి అంబలి అందిస్తోంది.

పునర్వసు, సోమవారం

నరసాయమ్మకి వచ్చింది. ఆమె పక్కింట్లో ఇద్దరికి వచ్చింది. ఆ తరవాతి ఇంట్లో, ఆ తరవాతి ఇంట్లో. వీధి ఆ చివరన, గరిటె అందని గున్నయ్య ఇంట్లో లేదు. భార్యని బండి తీసుకెళ్ళాక అతను వండుకోవడం మానేశాడు. ఆ ఇల్లు ఖాళీ అని బండివాళ్ళు రాసుకున్నారు, అందుకే ముక్కు అతన్ని పట్టించుకోదు.

కుళాయి దగ్గర నిలబడి ఇళ్ళ వరస చూశాను. జ్వరం గరిటె నడిచిన దారిలోనే నడిచింది.

మధ్యాహ్నం గరిటె చేతికి తీసుకుని చూశాను. కాడకి చుట్టిన గుడ్డ నల్లగా, జిడ్డుగా ఉంది. మడతలో ఇంకా ఆ దుప్పటి నీలం చార తెలుస్తోంది. విప్పి పొయ్యిలో పడేశాను.

"కాలిపోద్ది కదే, ఎలా పట్టుకోవడం?" అంది ఎవరో. ఇంకో గుడ్డ తెచ్చి చుట్టారు. అది ఎవరి ఇంటిదో నేను అడగలేదు.

ఈ ముక్క పారమ్మకి చెప్పాను. "ఆ గుడ్డ పిల్ల దుప్పటిది."



"నువ్వూ సూసినావు కదప్పా," అంది.

పుష్యమి, శనివారం

ఎర్రయ్యమ్మ పోయింది. మనవడు బతికాడు. ఆమెకి వచ్చిందని కూడా మాకు తెలియదు. చివరి రోజుదాకా అరుగు మీద కూర్చునే ఉంది, చీర కొంగు చేతులమీదికి లాక్కుని.

శవం ఇంట్లో ఉండగా పొయ్యి వెలిగించరు. ఎక్కడా వెలిగించరు. కానీ మధ్యాహ్నమైంది. బండి వచ్చే రోజు. శవాన్ని గదిలో పెట్టి, పక్కనే పొయ్యి ముట్టించి గరిటె పెట్టారు. ఆవాలు నేనే వేశాను, చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరూ వేయకపోతే. చిటపటమంటుంటే ఆడవాళ్ళు ఏడుపు ఆపుకున్నారు. వినపడుతుందని కాదు. ముక్కుకి చెవులు లేవు. ఎందుకో ఆపుకున్నారు.

ఆమెతో కలిపి ఈ కార్తెలో ఐదుగురు. అందర్నీ గెడ్డ ఒడ్డున పూడ్చాం, కాల్చితే పొగ కనిపిస్తుందని.

పుష్యమి, గురువారం

పొద్దున్నుంచీ తూర్పు వంతెన వైపు మోతలు. తూనీగలు గుంపులుగా వెళ్తున్నాయి. తూనీగలంటే మనిషి లేకుండా ఎగిరి బాంబులు వేసేవి. పిల్లలు కూడా ఇప్పుడు వాటిని చూసి లోపలికి పోరు.

మధ్యాహ్నం దాటాక చక్రపాణి గారి బండి వచ్చింది. వెనక ఇంకొకటి. రెండింటిలోనూ ఆడవాళ్ళు, పిల్లలు. సముద్రం వైపు ఊళ్ళవాళ్ళు. చంకల్లో పసివాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన దిగి నన్ను పక్కకి పిలిచారు.

"నీ ఊరు శుభ్రమైన ఊరని పై నుంచి కాగితం వచ్చింది. ఈ చుట్టుపక్కల ఇదొక్కటే. వీళ్ళని ఇళ్ళల్లో సర్దాలి."

"ఊరు శుభ్రంగా లేదు బాబూ."

ఆయన బండి వైపు చూశారు.

"సగం ఇళ్ళల్లో ఉంది," అన్నాను. "పోపు వాసన మేం పుట్టించిందే. మా తోడికోడలి కూతురితో మొదలైంది. నూనె నేనిచ్చాను. దాన్నీ, మిగతావాళ్ళనీ పాకలకి తీసుకుపోండి. నేను చూపిస్తాను. ఆ ఇళ్ళు కడిగాక వీళ్ళని దింపండి."

ఆ మాట అనడానికి నేను పొద్దున్నుంచి కూడగట్టుకున్నది ఏమీ లేదు. బండిలో పసివాళ్ళని చూశాక వచ్చింది. వీధి అవతల పారమ్మ పిల్లని పట్టుకుని నిలబడి ఉంది. వినిపించేంత దూరంలోనే.

"పాకలు లేవు దాలమ్మా," అన్నారు చక్రపాణి గారు. "మృగశిరలోనే కాలిపోయాయి. పైనుంచి బాంబు పడింది."

"లోపలివాళ్ళు?"

ఆయన గెడ్డ వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశారు. గున్నయ్య కుళాయి దగ్గర కడవ నింపుకుంటున్నాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పొద్దన్నారు."

అంటే ఆర్ద్రలో పారమ్మ నా గుమ్మంలో నిలబడిన నాటికి, పిల్లని తీసుకుపోవడానికి చోటే లేదు. బండి ఖాళీగా వచ్చి ఖాళీగా పోయేది. మేం ఎవరినుంచి దాస్తున్నామో వాళ్ళనుంచి దాచాల్సిన అవసరమే లేకపోయింది. వేపమండ కట్టుకుని, పోపు మానుకుని, గడప దాటనివ్వకుండా ఉంటే సరిపోయేది.

ఆయన జేబులోంచి చిన్న మాటపెట్టె తీశారు. "ముక్కు చెప్పింది నా దగ్గరుంది. కావలి మనిషి గొంతు కూడా పడాలి. రెండూ కలిస్తేనే దించడానికి అనుమతి."

"కలవకపోతే?"

"ముందుకి పోవాలి. తూర్పు వంతెన మీదుగా."

వంతెన వైపునుంచి మోత వచ్చింది. బండిలో ఒక పసివాడు ఏడుపు మొదలుపెట్టాడు.

"మీరేమంటారు?" అన్నాను.

"నన్నడగకు. నువ్వు ఇందాక చెప్పింది నేను వినలేదు."

నేను బండి దగ్గరికి వెళ్ళాను. ముందు కూర్చున్న ముసలామె వాళ్ళలో పెద్దదానిలా ఉంది. ఆమెకి తిన్నగా చెప్పాను. మా ఊళ్ళో పొక్కు జ్వరం ఉంది, ముందుకి పోతే ఆ మోతల వంతెన దాటాలి, మీ ఇష్టం అని.

"వొచ్చినోల్లు ఎంతమంది బతికినారమ్మా?" అంది ఆమె.

"సగానికి పైనే. ముసలివాళ్ళూ, పసివాళ్ళూ తక్కువ."

ఆమె వెనక్కి తిరిగి మిగతావాళ్ళతో ఏదో అంది. వాళ్ళు గొడవ పడలేదు. వంతెన వైపు ఒకసారి చూశారు.

"దిగుతాం," అంది.

చక్రపాణి గారు మాటపెట్టె నా నోటి దగ్గర పెట్టారు. పేరు, ఊరు, కార్తె చెప్పాను. జ్వరాలు లేవు, ఊరు శుభ్రం అని చెప్పాను. ఒక్కసారికే పడింది. ఆయన పెట్టె జేబులో వేసుకుని, అవతలి బండివాడికి చెయ్యి ఊపారు.

బండి తలుపు దించారు. ముందు దిగబోయిన పడుచు, కాలు పెట్టడానికి వీలుకాక, తన చంకలో పిల్లని కిందికి చాపింది.

"కాస్త పట్టుకో అప్పా."

బండి వచ్చేసరికి నేను నరసాయమ్మకి పొక్కులు కడుగుతున్నాను, చేతులు కడుక్కోకుండా అటునుంచి అటే వచ్చాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆమె అర్థం కాక ఇంకా కిందికి వంగి చాపింది. పిల్ల గాలిలో కాళ్ళు ఆడిస్తోంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.